ఇరాన్ వాళ్లు, ఆఫ్రికా వాళ్లు: గృహప్రవేశంలో విన్న మాట నన్ను వదలడం లేదు

సుజాత_హ్యూస్టన్ | శనివారం, రాత్రి 10:40

గత వారం మా బంధువుల గృహప్రవేశానికి వెళ్లాం. భోజనాల దగ్గర ఇమిగ్రేషన్ మాటలొచ్చాయి. ఒక పెద్దాయన అన్నారు: "ఇరాన్ వాళ్లను చూడండి. కట్టుబట్టలతో వచ్చి బెవర్లీ హిల్స్‌లో మేడలు కట్టారు. ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు ఎన్నేళ్లున్నా టాక్సీలు తోలుకుంటూనే ఉంటారు. అంతా పెంపకంలో ఉంది." చుట్టూ ఉన్నవాళ్లందరూ అవునన్నారు. నేను ప్లేటు పట్టుకుని నిలబడిపోయాను. ఒక్క మాట అనలేకపోయాను.

నేను నర్సుని. నైట్ డ్యూటీలో నాతోపాటు ముగ్గురు నైజీరియా అమ్మాయిలు ఉన్నారు. వాళ్లలో ఒకామె పగలు నర్సింగ్‌లో డాక్టరేట్ చదువుతూ, రాత్రి డ్యూటీ చేస్తూ, ఇద్దరు పిల్లల్ని పెంచుతోంది. ఆమె పెంపకంలో నాకే లోటూ కనిపించలేదు. మా పిల్లల డెంటిస్ట్ ఇరాన్ ఆయన. ఆయనా చాలా మంచి మనిషి. ఇద్దరి ఇళ్లకూ వెళ్లాను కాబట్టి తేడా లేదని మాత్రం అనలేను. ఆయనది పెద్ద ఇల్లు. ఆమెది రెండు గదుల అపార్ట్‌మెంట్. ఎందుకిలా? తెలిసినవాళ్లు చెప్పండి. ఇంకోసారి ఎవరైనా నా ముందు అలా అంటే ఊరుకోకూడదని ఉంది.

వంశీ_ఇర్వైన్ | శనివారం, రాత్రి 11:05

సుజాత గారూ, ఆ పెద్దాయన అన్న తీరు బాగాలేదు గానీ అందులో కొంత నిజం ఉంది. నేను పదకొండేళ్లుగా ఇర్వైన్‌లో ఉంటున్నా. మా మేనేజర్ ఇరానియన్. ఇల్లు కొనిపెట్టిన ఏజెంట్ ఇరానియన్. మావాడి లెక్కల ట్యూషన్ మేడమ్ కూడా ఇరానియనే. వాళ్లిళ్లలో పిల్లల చదువు ఎంత ముఖ్యమో దగ్గర నుంచి చూశాను, అచ్చం మన ఇళ్లలాగే. లెక్కల్లో అతి పెద్ద పురస్కారమైన ఫీల్డ్స్ మెడల్ అందుకున్న మొదటి మహిళ మరియం మీర్జాఖానీ టెహ్రాన్‌లో డిగ్రీ చేసి వచ్చినావిడే. ఈబే పెట్టిన పియెర్ ఒమిడ్యార్ తల్లిదండ్రులు ఇరానీలు. 2007లో బెవర్లీ హిల్స్ మేయర్ అయిన జిమ్మీ డెల్షాద్ ఇరాన్‌లో పుట్టినవాడు. ఇన్ని కనిపిస్తున్నప్పుడు సంస్కృతి పాత్ర లేదనడం నావల్ల కాదు.

లెక్కలమాస్టారు | ఆదివారం, ఉదయం 6:20

గుంటూరులో ముప్ఫై ఏళ్లు స్టాటిస్టిక్స్ చెప్పి, ఇప్పుడు న్యూజెర్సీలో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. వంశీ బాబూ, నీ ఉదాహరణలన్నీ నిజమే. అయితే "కట్టుబట్టలతో వచ్చారు" అన్న మాటను ముందు పక్కన పెట్టాలి.

1979 విప్లవం నాటికే ఇరాన్ విద్యార్థులు అమెరికాలో దాదాపు 45 వేల మంది ఉన్నారు. ఆ రోజుల్లో ఏ దేశం నుంచీ అంతమంది విదేశీ విద్యార్థులు లేరు. విప్లవం వచ్చేసరికి వాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోయారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఎవరు? విప్లవంలో గద్దె దిగిన రాజు షా హయాంలోని అధికారులు, వ్యాపారులు, డాక్టర్లు, ప్రొఫెసర్లు. మతం కారణంగా భయపడి వచ్చిన యూదులు, బహాయీలు, అర్మేనియన్లు. ఊబర్ అధిపతి దారా ఖోస్రోషాహీ కుటుంబానికి టెహ్రాన్‌లో పెద్ద వ్యాపారం ఉండేది. 1978లో వచ్చేశారు, అక్కడి ఆస్తి పోయింది. చాలా పెద్ద నష్టం అది, నేను తక్కువ చేయడం లేదు. కానీ చదువు, ఇంగ్లీషు, ముందే ఇక్కడ స్థిరపడ్డ బంధువులు ఎక్కడికీ పోలేదు కదా. నువ్వు చెప్పిన డెల్షాద్ అయితే విప్లవానికి చాలా ముందే వచ్చి చదువుకున్నవాడు.

ఇక చదువు లెక్క చూడండి. అమెరికాలో ఉన్న ఇరాన్ వలసదారుల్లో, పాతికేళ్లు దాటినవాళ్లను తీసుకుంటే, దాదాపు పదిమందిలో ఆరుగురికి డిగ్రీ ఉంది. ఇక్కడే పుట్టిన అమెరికన్లలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూ. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల నుంచి వచ్చినవాళ్లలో పదికి నలుగురు. అంటే అమెరికన్ల కన్నా వీళ్లే ఎక్కువ చదువుకున్నారు! నైజీరియా వాళ్లను విడిగా తీస్తే ఇరాన్‌తో సమానం, పదికి ఆరుగురు. సోమాలియా వాళ్లను విడిగా తీస్తే చాలా తక్కువ. నలభైకి పైగా దేశాలను కలిపి "ఆఫ్రికా వాళ్లు" అని ఒక్క అంకె చెప్పడం, శ్రీకాకుళానికీ అనంతపురానికీ కలిపి వర్షపాతం సగటు చెప్పడం లాంటిది. అనంతపురం రైతుకు ఆ సగటు దేనికి?

వంశీ_ఇర్వైన్ | ఆదివారం, ఉదయం 9:12

మాస్టారూ, నమస్కారం. నైజీరియా లెక్క నాకు తెలియదు, ఒప్పుకుంటున్నా. అయితే నా అనుమానం ఇంకా పెరిగింది. చదువు సమానమైతే సంపాదన, ఇళ్లు కూడా సమానంగా ఉండాలి కదా? అక్కడ తేడా ఎందుకొచ్చింది?

కేశవరావు_1976 | ఆదివారం, మధ్యాహ్నం 1:30

వంశీ, ఈ ప్రశ్నకు నా కళ్లముందు జరిగింది చెబుతాను. కొంచెం పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

నేను 1976లో ఎమ్మెస్ చదవడానికి హ్యూస్టన్ వచ్చాను. జేబులో రిజర్వ్ బ్యాంకు అనుమతించిన ఎనిమిది డాలర్లు. మా హాస్టల్లో ఒక పక్క గది ఇరాన్ కుర్రాడిది, ఎదురుగది నైజీరియా కుర్రాడిది. 1973-74లో చమురు ధర నాలుగింతలైంది. రెండూ చమురు దేశాలే, రెండు ప్రభుత్వాలూ పిల్లల్ని స్కాలర్‌షిప్పుల మీద బయటి దేశాలకు పంపాయి. వాళ్లిద్దరి ముందు నేనే పేదవాణ్ని. అప్పట్లో ఇరాన్ డబ్బు 70 రియాళ్లకు ఒక డాలరు. నైజీరియా నైరా అయితే డాలరు కన్నా బలమైన డబ్బు, ఒక్క నైరాకు డాలరున్నర వచ్చేది. నాకు మొదటి చలికోటు కొనిపెట్టింది ఆ నైజీరియా మిత్రుడే.

చదువులు అయ్యాయి. నైజీరియా మిత్రుడు సంతోషంగా ఇంటికెళ్లిపోయాడు. అక్కడ ఉద్యోగం, కారు, క్వార్టర్ సిద్ధంగా ఉన్నాయి. ఇక్కడ ఉండాల్సిన ఖర్మేంటి అన్నాడు. అతని బ్యాచ్‌లో చాలామంది అలాగే వెళ్లారు. ఇరాన్ మిత్రుడు వెళ్లలేకపోయాడు, దేశం తలకిందులైంది. వాళ్ల మామయ్య మాత్రం 1978లోనే పరిస్థితి పసిగట్టి టెహ్రాన్‌లో ఇల్లు అమ్మి, 70 రియాళ్ల లెక్కన డాలర్లు చేసి, లాస్ ఏంజిలిస్‌లో ఇల్లు కొన్నాడు. ఆ ఇంట్లో ఎనిమిది మంది ఉండేవారు. నా మిత్రుడు అక్కడే ఉండి, చీరల కొట్టు లాంటి ఒక బట్టల హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాస్తూ మొదలుపెట్టాడు. తర్వాత కన్సల్టింగ్ సంస్థ పెట్టుకున్నాడు.

వాళ్లకు సుఖంగా గడిచిందని మాత్రం అనుకోకండి. 1979 నవంబరులో టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయంలో జనాన్ని బందీలుగా పట్టుకున్నారు. 444 రోజులు. ఇక్కడ ఇరాన్ విద్యార్థులందరూ ఇమిగ్రేషన్ ఆఫీసుకొచ్చి హాజరు వేయించుకోవాలని కార్టర్ ప్రభుత్వం ఆదేశించింది. నేను తోడు వెళ్లాను. లైన్లో నిలబడ్డప్పుడు రోడ్డు మీద పోయేవాళ్లు అరిచిన మాటలు ఇక్కడ రాయలేను. అప్పటి నుంచే నా మిత్రుడు ఎవరు అడిగినా ఇరానియన్ అనకుండా, దేశం పాత పేరుతో "పర్షియన్" అని చెప్పడం అలవాటు చేసుకున్నాడు.

ఇప్పుడు నైజీరియా మిత్రుడి సంగతి. 1986లో నైరా విలువ కూలింది. జీతం అదే, దాంతో కొనగలిగేది ఏమీ లేదు. పదేళ్లు ఓర్చుకుని, 1996లో లాటరీ వీసా (డ్రా తీసి ఇచ్చే గ్రీన్ కార్డు) తగిలి కుటుంబంతో తిరిగి హ్యూస్టన్ వచ్చాడు. నలభై దాటిన వయసు, ముగ్గురు పిల్లలు, అమెరికా డిగ్రీ, నైజీరియాలోని పోర్ట్ హార్‌కోర్ట్‌లో పదిహేనేళ్ల ఇంజనీరు అనుభవం. ఆ అనుభవాన్ని ఇక్కడ ఒక్కరూ లెక్కలోకి తీసుకోలేదు. మొదటి రెండేళ్లు ఒక ఆఫీసు బిల్డింగులో రాత్రి సెక్యూరిటీ గార్డు. నేను సిఫార్సు చేసిన చోట కూడా ఇంటర్వ్యూ దాటలేదు. చివరికి చిన్న ఉద్యోగం దొరికింది. ఇల్లు కొనే వేళకు ఏజెంట్ నన్ను తిప్పిన పేటలు వేరు, అతన్ని తిప్పిన పేటలు వేరు. మా ఇద్దరికీ ఒకే ఏజెంట్, కాబట్టి నాకు తెలుసు. నా ఇంటి ధర ఇప్పటికి నాలుగింతలైంది. అతనిది రెండింతలు కూడా కాలేదు.

ఒకే చమురు, ఒకే కాలేజీ, ఒకే ఏడాది. ఒకతను 1980 నుంచి ఇక్కడ అడుగు మీద అడుగు వేసుకుంటూ పోయాడు. ఇంకొకతను 1996లో మళ్లీ ఒకటో మెట్టు నుంచి మొదలుపెట్టాడు. పైగా నల్లవాడు. ఈ ఇద్దరి మధ్య తేడాను పెంపకం అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

లెక్కలమాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 2:15

కేశవరావు గారూ, మీరు రాసిన చివరి విషయం గణాంకాల్లో కూడా ఉంది. అమెరికా జనాభా లెక్కల్లో ఇరాన్ వాళ్లను దశాబ్దాలుగా "వైట్" కిందే రాశారు. 2024లోనే మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికాకు విడిగా గడి పెట్టాలని నిబంధన మార్చారు. కాగితం మీద తెల్లవాళ్లు అయినంత మాత్రాన ఎయిర్‌పోర్టులో అవమానాలు తప్పలేదు, అది వేరే విషయం. కానీ ఇల్లు అద్దెకు అడిగినప్పుడు, అప్పు అడిగినప్పుడు చర్మం రంగు చేసే పని ఇద్దరికీ ఒకటి కాదు. 1999లో గినీ నుంచి వచ్చిన 23 ఏళ్ల కుర్రాణ్ని న్యూయార్క్‌లో తన ఇంటి గుమ్మంలోనే పోలీసులు కాల్చి చంపారు. అతని దగ్గర ఆయుధం లేదు. పేల్చింది 41 తూటాలు. మా పెద్దమ్మాయి అప్పట్లో అదే నగరంలో చదువుతుండేది. ఆ వార్త నాకు ఇప్పటికీ గుర్తుంది.

మాధవి_మినియాపొలిస్ | ఆదివారం, సాయంత్రం 5:50

సోమాలియా వాళ్ల గురించి నేను చెప్పాలి. స్కూల్లో పనిచేస్తాను, మా క్లాసులో సగం మంది సోమాలీ పిల్లలే.

1991లో అక్కడ ప్రభుత్వం కూలిపోయి అంతర్యుద్ధం మొదలైంది. జనం సరిహద్దు దాటి కెన్యాలోని దదాబ్ లాంటి శిబిరాల్లో పడ్డారు. ఒక ఏడాది, రెండేళ్లు కాదు. మా పిల్లల తల్లుల్లో కొందరు శిబిరంలోనే పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే పెళ్లి చేసుకుని ఇక్కడికొచ్చారు. ఇరాన్ డాక్టర్ వీసా కోసం సర్టిఫికెట్లు పట్టుకెళ్తాడు. వీళ్ల దగ్గర జనన ధ్రువీకరణ పత్రమే ఉండదు. అందుకే చాలామంది పుట్టినరోజు జనవరి 1 అని రాసి ఉంటుంది. జనవరిలో మా ఆఫీసు రిజిస్టర్ చూస్తే గుండె బరువెక్కుతుంది.

శరణార్థిగా వచ్చినవాళ్లకు విమానం టికెట్ ఉచితం అనుకుంటారు అందరూ. కాదు. అది అప్పు. వచ్చిన ఆరు నెలల నుంచి వాయిదాలు కట్టాలి. ఏడుగురు ఉన్న కుటుంబం ఏడు టికెట్ల అప్పుతో ఈ దేశంలో జీవితం మొదలుపెడుతుంది. భాష రాకపోయినా చేయగలిగిన పని టర్కీ కోడి మాంసం ఫ్యాక్టరీల్లో దొరికింది, అందుకే ఈ చలిరాష్ట్రం మిన్నెసోటాలో స్థిరపడ్డారు. వడ్డీ మతరీత్యా నిషిద్ధం కావడంతో మామూలు హోమ్ లోన్ తీసుకోరు చాలామంది. అద్దె కడుతూనే ఉంటారు. ఇల్లు కొనకపోతే అమెరికాలో ఆస్తి ఎలా పెరుగుతుంది?

ప్రకాశ్_ప్లేనో | ఆదివారం, రాత్రి 8:30

అందరూ పరిస్థితుల గురించే చెబుతున్నారు. నేను కాస్త కఠినంగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. 1991 అంటే ముప్ఫై ఏళ్లు దాటింది. నేను వరంగల్‌లో బీఫార్మసీ చేసి 2000లో వచ్చాను. పగలు చదువు, రాత్రి గ్యాస్ స్టేషన్‌లో పని. నన్నెవరూ ఎత్తుకుని పైకి తేలేదు. మనిషి కష్టానికి కూడా ఎంతో కొంత విలువ ఇవ్వండి. ఎంతకాలం యుద్ధం మీద, నైరా మీద తోసేస్తాం?

మాధవి_మినియాపొలిస్ | ఆదివారం, రాత్రి 9:05

ప్రకాశ్ గారూ, మీ కష్టాన్ని ఎవరూ కాదనడం లేదు. కానీ మీరు విమానం ఎక్కేటప్పటికే మీ చేతిలో బీఫార్మసీ ఉంది. అది మీకు వరంగల్‌లో దాదాపు ఉచితంగా వచ్చిన చదువు. దదాబ్‌లో యూనివర్సిటీ ఎక్కడిది?

ముప్ఫై ఏళ్లలో ఏం జరిగిందో కూడా చెబుతాను. సోమాలియాలో పుట్టి, కెన్యా శరణార్థి శిబిరంలో చిన్నతనం గడిపిన ఇల్హాన్ ఒమర్ 2018లో ఇక్కడి నుంచే అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైంది. మా స్కూల్ బస్సు డ్రైవర్ కూతురు ఇప్పుడు మా స్కూల్లోనే టీచరు. మా క్లినిక్‌లో నర్సులు, ఫార్మసీ టెక్నీషియన్లు, ట్రక్కుల వ్యాపారం పెట్టినవాళ్లు, కార్మెల్ మాల్‌లో వరుసగా ఆడవాళ్ల దుకాణాలు. పేదరికం పోలేదు. కానీ "ఎన్నేళ్లున్నా అంతే" అన్న మాట అబద్ధం.

శ్రీను_స్టాక్‌హోమ్ | సోమవారం, మధ్యాహ్నం 12:10 (మా టైమ్)

ఇక్కడి నుంచి ఒక విషయం. 1980 నుంచి 88 దాకా జరిగిన ఇరాన్-ఇరాక్ యుద్ధం టైమ్‌లో స్వీడన్‌కు చాలామంది ఇరానీలు శరణార్థులుగా వచ్చారు. వాళ్లు బెవర్లీ హిల్స్ ఇరానీలు కారు. విద్యార్థులు, టీచర్లు, వామపక్ష పార్టీల వాళ్లు, యుద్ధానికి పంపుతారని తల్లిదండ్రులు దాటించేసిన కుర్రాళ్లు. డబ్బు లేదు. ఇంజనీర్లు టాక్సీలు నడిపారు, పిజ్జా షాపులు పెట్టారు. నేను వచ్చిన కొత్తలో నన్ను ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చిన టాక్సీ ఆయన టెహ్రాన్‌లో ఫిజిక్స్ లెక్చరర్.

అదే ఇరాన్, అదే సంస్కృతి, అవే పద్యాలు, అదే నౌరోజ్ పండగ. ఆ దేశంలో మేడలు, ఈ దేశంలో టాక్సీలు. కాబట్టి వంశీ, మేడలకు కారణం సంస్కృతి ఒక్కటే కాదు. అయితే నీ మాటలో సగం నేను సమర్థిస్తా. ఆ టాక్సీ డ్రైవర్ల పిల్లలు డాక్టర్లు, ఇంజనీర్లు అయ్యారు. యూనివర్సిటీల్లో వాళ్లు బాగా కనిపిస్తారు. తండ్రి లెక్చరరైతే టాక్సీ నడిపినా సాయంత్రం ఇంట్లో ఫిజిక్స్ చెప్పగలడు. ఇక్కడి సోమాలీ స్నేహితుడొకడు నాతో అన్నాడు, వాళ్లమ్మకు చదువు రాకపోయినా రోజూ హోంవర్క్ పుస్తకం తెరిపించి, చదువుతున్నట్టు పేజీలు తిప్పి చూసేదట. పట్టుదల ఇద్దరిలోనూ ఉంది. చెప్పగలిగే శక్తి ఒకరికే ఉంది.

వంశీ_ఇర్వైన్ | సోమవారం, ఉదయం 7:40

శ్రీనూ, ఆ తల్లి గురించి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా నానమ్మ అంతే. పేపర్ తలకిందులుగా పట్టుకున్నా సరే, నేను చదివేదాకా పక్కనుంచి కదిలేది కాదు. నేను సంస్కృతి అన్నది దీని గురించే అయితే, అది ఒక్క ఇరాన్ సొత్తు కాదు.

ఒకటి మాత్రం అడగాలి. ఇప్పుడు వచ్చే ఇరానీలు కూడా డబ్బున్నవాళ్లేనా? మా ఆఫీసులో కొత్తగా చేరినతను చాలా ఇబ్బందుల్లో ఉన్నాడు.

కేశవరావు_1976 | సోమవారం, ఉదయం 10:25

కాదు బాబూ. 1980 నుంచి రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలు లేవు. టెహ్రాన్‌లో అమెరికా కాన్సులేట్ లేదు కాబట్టి వీసా ఇంటర్వ్యూకు వేరే దేశాల్లోని అంకారాకో, యెరెవాన్‌కో, దుబాయ్‌కో వెళ్లాలి. ఆ ఖర్చు భరించగలిగినవాడే బయల్దేరతాడు. ఆ జల్లెడే సగం తేడా చేస్తుంది. కానీ వచ్చాక పరిస్థితి వేరు. అప్పుడు 70 రియాళ్లకు వచ్చిన డాలరుకు ఇప్పుడు లక్షల రియాళ్లు పోయాలి. ఒక ప్రొఫెసర్ జీవితకాలం దాచుకున్నది ఇక్కడ రెండు నెలల అద్దెకు చాలదు. పాత ఇరానీల ఇళ్లు చూసి కొత్తవాళ్లను అంచనా వేయకండి.

శేఖర్_విజయనగర్‌కాలనీ | సోమవారం, రాత్రి 9:00 (హైదరాబాద్)

అన్నా, మీరంతా అమెరికా, స్వీడన్ అంటున్నారు. ఈ ఇద్దరూ పక్కపక్కనే ఉన్న ఊరు మాది. ఎవరూ చెప్పలేదేంటి?

మా కాలనీ పక్కనే ఏసీ గార్డ్స్. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాంకు అంగరక్షకులుగా ఉన్న ఆఫ్రికా అశ్వికదళం. వనపర్తి సంస్థానం నుంచి నిజాం దగ్గరికి వచ్చిన దళం అని మా పెద్దలు చెప్పేవారు. వాళ్ల వంశం వాళ్లు, సిద్దీలు, ఇప్పటికీ అక్కడే ఉన్నారు. చిన్నప్పుడు వాళ్లతోనే ఫుట్‌బాల్ ఆడాను. మా ఊరి పెళ్లి బారాత్‌లో మోగే మర్ఫా డప్పులు వాళ్ల చేతి చలవే.

ఇక ఇరానీలు మనకు కొత్తా? చార్మినార్ కట్టించిన కాలంలోనే ఇరాన్ నుంచి వచ్చిన మీర్ మోమిన్ ఆస్త్రాబాదీ కుతుబ్‌షాహీల దగ్గర పేష్వా, అంటే ప్రధానమంత్రి. అది పెద్దల వలస. చాయ్ హోటళ్ల ఇరానీలు వేరు. వాళ్లు యజ్ద్ వైపు నుంచి బొంబాయి మీదుగా బతుకుతెరువు కోసం వచ్చారు. హోటల్లో కప్పులు కడిగి, తర్వాత భాగస్తులై, తర్వాత మంచి సెంటర్లో సొంత హోటల్ పెట్టారు. పౌనా చాయ్, ఉస్మానియా బిస్కెట్. అలా ఒకరు వస్తే ఇంకొకరిని పిలిపించుకున్నారు.

1948లో నిజాం పాలన పోయింది, తర్వాత దళం రద్దయింది. సిద్దీలకు జీతం పోయింది. చేతిలో ఉన్న విద్య గుర్రపుస్వారీ, కాపలా. ఇరానీ చేతిలో దుకాణం ఉంది, రాజు మారినా జనం చాయ్ తాగడం మానరు. ఇద్దరూ పేదగానే వచ్చారు, ఇద్దరూ కష్టపడ్డవాళ్లే. నా ఫుట్‌బాల్ జట్టులో అందరికన్నా చురుకైనవాడు ఇప్పుడు పెయింటింగ్ కూలీకి వెళ్తున్నాడు. హోటల్ యజమాని మనవడు ఆ స్థలం అమ్ముకుని బయటి దేశం వెళ్లాడు. నా ఫ్రెండ్‌కు అమ్ముకోవడానికి ఏముంది?

ఇంకో బాధ. టోలీచౌకీ పారామౌంట్ కాలనీలో ఆఫ్రికా విద్యార్థులు చాలామంది ఉంటారు. వాళ్లకు ఇల్లు చూపించమంటే మన వాళ్లు చెప్పే అద్దె ఒకటి, ఇరాన్ స్టూడెంట్‌కు చెప్పే అద్దె ఒకటి. నేను బ్రోకర్ దగ్గర కొన్నాళ్లు పనిచేశాను, ఈ చెవులతో విన్నాను. అమెరికాను అనే ముందు మన వీధి కూడా చూసుకోవాలి.

రమ్య_ఓవర్‌ల్యాండ్‌పార్క్ | సోమవారం, మధ్యాహ్నం 2:45

ఇక్కడ కాన్సస్‌లో మా ఊరికి పది నిమిషాల దూరం ఒలాథె. 2017 ఫిబ్రవరి 22న అక్కడ ఒక బార్‌లో మన హైదరాబాద్ ఇంజనీర్‌ను కాల్చి చంపారు. పక్కనే ఉన్న మన తెలుగతను, అడ్డుపడ్డ ఒక అమెరికన్ గాయపడ్డారు. చంపినవాడు తర్వాత చెప్పిందేంటో గుర్తుందా? తాను ఇరాన్ వాళ్లను కాల్చానని. అంతకు నెల తిరక్కముందే ఏడు దేశాల వాళ్లు అమెరికా రాకుండా ట్రావెల్ బ్యాన్ వచ్చింది. ఆ జాబితాలో ఇరాన్ ఉంది, సోమాలియా ఉంది. 2025 జూన్‌లో వచ్చిన జాబితాలోనూ రెండూ ఉన్నాయి.

వాళ్లు పైన, వీళ్లు కింద అని మనం భోజనాల దగ్గర మెట్లు లెక్కపెడుతున్నాం. ఆ రోజు తుపాకీ పట్టుకున్నవాడికి ఇరాన్‌కూ తెలుగుకూ తేడా తెలియలేదు. ఆ వారం అంతా మావారిని గ్యాస్ కొట్టించుకోవడానికి కూడా ఒంటరిగా పంపలేదు నేను.

పద్మ_సిల్వర్‌స్ప్రింగ్ | సోమవారం, సాయంత్రం 6:20

రమ్యా, ఆ రోజులు మాకూ గుర్తున్నాయి.

డబ్బు విషయంలో ఒకటి చెప్పాలని ఆగాను. మా ఆఫీసులో ఇథియోపియా ఆవిడ ఉంది. వాళ్లలో "ఎకుబ్" అని ఉంటుంది. నెలనెలా తలా ఇంత వేసుకుని ఒక్కొక్కరు ఒక్కో నెల తీసుకుంటారు. వినగానే మా అమ్మ చీటీలు గుర్తొచ్చాయి. నైజీరియా వాళ్లు దాన్నే ఎసుసు అంటారట. బ్యాంకు అప్పివ్వని చోట వాళ్ల టాక్సీలు, హోటళ్లు ఆ చీటీ డబ్బుతోనే మొదలయ్యాయి. అయితే చీటీ ఎంతున్నా పదిమంది జేబుల్లో ఉన్నంతే. లాస్ ఏంజిలిస్ మామయ్య ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చే అప్పు ముందు అది ఎంత?

రెండోది ఇంటికి పంపే డబ్బు. ఆవిడ జీతంలో మూడో వంతు అడిస్ అబాబా వెళ్తుంది. తమ్ముడి ఫీజు, అమ్మ మందులు, చనిపోయిన అక్క పిల్లలు. నైజీరియాకు ఏటా బయటి నుంచి వెళ్లేది 20 బిలియన్ డాలర్ల దాకా ఉంటుంది. పాత ఇరానీ కుటుంబాల్లో తల్లిదండ్రులు కూడా ఇక్కడే ఉన్నారు. పైగా ఆంక్షల వల్ల బ్యాంకు ద్వారా పంపే దారే లేదు. సుజాతా, మీ స్నేహితురాలి అపార్ట్‌మెంట్ చిన్నదిగా ఉండటానికి కారణం ఆమె నెలనెలా పంపే డబ్బు కావచ్చు. ఒకసారి అడిగి చూడండి.

సుజాత_హ్యూస్టన్ | మంగళవారం, ఉదయం 8:10

ఇప్పుడే డ్యూటీ దిగాను. పద్మ గారూ, రాత్రి బ్రేక్‌లో అడిగాను. మీరన్నది నిజమే. నైజీరియాలోని ఇబాదాన్‌లో నలుగురు పిల్లల స్కూలు ఫీజులు ఆమే కడుతోంది, వాళ్లలో ఒక్కరూ ఆమె పిల్లలు కారు. ఇన్నేళ్లు పక్కనే పనిచేస్తూ నేను అడగనే లేదు. అడిగినందుకు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, నాకూ ఆగలేదు.

ఇంకో సంగతి తెలిసింది. ఆమె అన్న అక్కడ ఫార్మసిస్ట్. గ్రీన్ కార్డు మీద వచ్చి రెండేళ్లయింది, ఇప్పుడు ఒక గోదాములో రాత్రి పెట్టెలు మోస్తున్నాడు. మళ్లీ మొదటి నుంచి చదవాలని ఎవరో చెప్పారట, ఆ ఖర్చు తలచుకుని ఆశ వదిలేశాడు. కేశవరావు గారు రాసిన మిత్రుడే గుర్తొచ్చారు. ప్రకాశ్ గారూ, మీరు ఫార్మసీ నుంచే వచ్చానన్నారు కదా. మీ మాటలు మొన్న నాకు నచ్చలేదు, దాచుకోను. కానీ ఈ విషయం మీకే తెలుస్తుంది. దారి ఏమైనా ఉందా?

ప్రకాశ్_ప్లేనో | మంగళవారం, మధ్యాహ్నం 12:35

సుజాత గారూ, ఉంది. మళ్లీ మొదటి నుంచి చదవక్కర్లేదు, అతనికి తప్పు చెప్పారు.

విదేశీ ఫార్మసీ డిగ్రీ ఉన్నవాళ్లకు ఎఫ్‌పీజీఈఈ అని పరీక్ష ఉంది. 2003 జనవరి తర్వాత డిగ్రీ పొందినవాళ్లకు కోర్సు ఐదేళ్లది అయి ఉండాలి. మన బీఫార్మసీ నాలుగేళ్లు కాబట్టి మన పిల్లలకు అక్కడే ఆగిపోతోంది. నేను 1999 బ్యాచ్ కాబట్టి బతికిపోయాను. 2006లో పాసైన మా బాబాయి కొడుకు ఈ పరీక్ష రాయలేక ఎమ్మెస్ చేసి లైన్ మార్చుకున్నాడు. వాడు నాకన్నా తెలివైనవాడు, నాకన్నా ఎక్కువ కష్టపడ్డాడు. తేదీ ఒక్కటే తేడా. ఇది నాకు ఎప్పటి నుంచో తెలుసు, ఆదివారం ఆ పోస్టు రాసేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

నైజీరియాలో బీఫార్మ్ ఐదేళ్లు. అతను అర్హుడే. ముందు ట్రాన్‌స్క్రిప్టులు నేరుగా యూనివర్సిటీ నుంచి తెప్పించుకోవాలి, అక్కడే నెలలు పడతాయి కాబట్టి ఈ వారమే అడగమనండి. ఇంగ్లీషులోనే చదివినా నేను రాసినప్పుడు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష తప్పలేదు. ఆ తర్వాత ఎఫ్‌పీజీఈఈ. పాసైతే టెక్సస్‌లో 1500 గంటల ఇంటర్న్‌షిప్, దానికి జీతం ఇచ్చే చోట్లున్నాయి, నేను మాట్లాడతాను. చివర న్యాప్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష, ఫార్మసీ చట్టాల మీద లా పరీక్ష. ఉద్యోగం చేసుకుంటూ చదివితే నాకు మూడేళ్లు పట్టింది.

గోదాములో ఈలోగా పెట్టెలు మోయడం కన్నా ఫార్మసీ టెక్నీషియన్‌గా చేరడం మేలు. మందుల పేర్లు నలుగుతాయి.

నా నంబర్ మీకు విడిగా పంపాను. ఆదివారం పొద్దున ఖాళీగా ఉంటాను, ఫోన్ చేయమనండి. నా నోట్సు రెండు అట్టపెట్టెల్లో గ్యారేజీలోనే ఉన్నాయి. కొన్ని పాతబడ్డాయి, కానీ లెక్కల పుస్తకం ఇప్పటికీ పనికొస్తుంది. ఆయన అడ్రస్ ఇస్తే రేపే పోస్టులో వేస్తాను.